ఇంగ్లండ్‌లో అమ్మానాన్నలకు కేర్: ఏ పని ముందు చేయాలి, డబ్బు ఎవరు కట్టాలి

మా అత్తయ్యగారికి 81 ఏళ్లు. మామయ్యగారు 1970ల్లో గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ఆవిడ మా ఇంటికి రెండు వీధుల అవతల సొంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఆవిడకు ఏ సాయం కావాలో చూడటానికి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) నుంచి సోషల్ వర్కర్ మొదటిసారి వచ్చిన రోజు ఆవిడ వెంకటగిరి చీర కట్టుకుని, జడ వేసుకుని, ముస్తాబై కూర్చున్నారు. వచ్చినమ్మాయికి టీ, ప్లేట్లో జంతికలు. "వంట ఎవరు చేస్తారండీ?" "నేనే." "స్నానం?" "నేనే చేసుకుంటాను." "రాత్రిళ్లు లేవాల్సి వస్తే ఇబ్బందేమైనా ఉందా?" "ఏమీ లేదమ్మా, దేవుడి దయ."

ఆ చీర కట్టడానికి నాకు ముప్పావు గంట పట్టింది. టీ పెట్టింది నేను. అడుగంటి నల్లబడ్డ పాలగిన్నె, ఆ వారంలో మూడోది, సింకు కింద దాచి ఉంది. మూడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది: అర్హత లేదు.

మేం అన్ని పనులూ తలకిందులుగా చేశాం. ముందు డబ్బు గురించి కంగారుపడి, అవసరం సంగతి తర్వాత చూశాం. మీరు అలా చేయకుండా ఉండటానికే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ నియమాలు. స్కాట్లండ్‌లో 65 దాటినవాళ్లకు స్నానం, బట్టలు, తిండి లాంటి పర్సనల్ కేర్ 2002 నుంచే ఉచితం. వేల్స్‌లో పొదుపు పరిమితి వేరు, ఇంట్లో కేర్‌కు 2025-26లో వారానికి గరిష్ఠంగా 100 పౌండ్లే వసూలు చేశారు. అక్కడివాళ్లు ఈ అంకెలు పట్టుకోవద్దు.

ముందు ఒక మాట: కొత్త చట్టం కోసం ఆగకండి

"కేర్ ఖర్చు 86 వేల పౌండ్లు దాటితే మిగతాది గవర్నమెంటే కడుతుందట, అదొచ్చేదాకా ఆగుదాం" అని మా ఇంట్లోనే ఒకరన్నారు. ఆ 86 వేలు ఎన్నడూ అమల్లోకి రాలేదు. కథ క్లుప్తంగా ఇదీ.

1948 నుంచి ఇక్కడ ఒక గీత ఉంది. జబ్బుకు వైద్యం ఎన్‌హెచ్ఎస్ పని, ఉచితం. స్నానం చేయించడం, తినిపించడం, మంచం మీంచి లేపడం లాంటి సోషల్ కేర్ కౌన్సిల్ పని, దానికి మీ ఆస్తి, ఆదాయం చూస్తారు. అందుకే క్యాన్సర్‌కు ఆస్పత్రి బిల్లు రాదు, డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) వస్తే మాత్రం ఇల్లు అమ్ముకోవాల్సి రావచ్చు. ఈ అన్యాయం సరిచేయమని 2011లో ఆండ్రూ డిల్నాట్ కమిషన్, ఒక మనిషి జీవితకాలంలో కేర్‌కు పెట్టే ఖర్చుకు 35 వేల పౌండ్ల దగ్గర గీత గీయమంది. 2014 కేర్ యాక్ట్ ఆ ఆలోచనకు చోటిచ్చింది. 72 వేలన్నారు, 2016 ఏప్రిల్ నుంచన్నారు. 2015లో 2020కి వాయిదా వేశారు, ఆ తర్వాత అటకెక్కించారు. 2017 ఎన్నికల్లో అప్పటి ప్రధాని థెరెసా మే వేరే పథకం చెబితే దానికి "డిమెన్షియా ట్యాక్స్" అని పేరుపడింది, కొద్ది రోజుల్లోనే ఆవిడ మాట మార్చాల్సి వచ్చింది. 2021 సెప్టెంబరులో అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ 86 వేల పరిమితి, 2023 అక్టోబరు నుంచి అన్నారు. దానికోసం జీతాల మీద కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 2022 ఏప్రిల్‌లో 1.25 శాతం పాయింట్లు పెంచారు, ఆ ఏడాదే తీసేశారు. పరిమితిని 2025 అక్టోబరుకు జరిపారు. 2024 జూలైలో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ డబ్బుల్లేవని మొత్తానికే రద్దు చేశారు.

ఇప్పుడు లూయీజ్ కేసీ అధ్యక్షతన ఇంకో కమిషన్ నడుస్తోంది. 2025 ఏప్రిల్‌లో మొదలైంది, మొదటి దశ నివేదికకు 2026, తుది నివేదికకు 2028 గడువు. నివేదిక, చర్చ, చట్టం, అమలు... అన్నీ అయ్యేసరికి మీ అమ్మగారి మోకాళ్లు ఆగవు. ఈరోజున్న నియమాలతోనే పని మొదలుపెట్టండి.

1. ఈ వారమే చేయాల్సింది: పవర్ ఆఫ్ అటార్నీ

లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ అంటే పెద్దవాళ్ల తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం మీకిచ్చే కాగితం. ఇది రెండు రకాలు. డబ్బు, ఆస్తి వ్యవహారాలకు ఒకటి. ఆరోగ్యం, ఎక్కడ ఉండాలి లాంటి నిర్ణయాలకు ఇంకొకటి. రెండూ చేయించండి. రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కోదానికి 92 పౌండ్లు, ఆదాయం తక్కువైతే తగ్గిస్తారు. లాయరు అక్కర్లేదు, ఆన్‌లైన్లో ఫారం నింపి, సంతకాలు చేయించి పంపితే చాలు.

దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. పెద్దవాళ్లకు విషయం అర్థమై సంతకం పెట్టగలిగినంతకాలమే ఇది కుదురుతుంది. ఆ తర్వాత కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కు వెళ్లాలి, దానికి బోలెడంత సమయం, ఖర్చు. "మనవాళ్లకు కాగితాలెందుకు, కొడుకుని కదా" అంటే బ్యాంకువాళ్లు వినరు. కొడుకైనా, కూతురైనా కాగితం లేకుండా అమ్మ ఖాతా ముట్టుకోనివ్వరు.

2. వీసా స్థితి చూసుకోండి

మీ పెద్దవాళ్లకు బ్రిటిష్ పౌరసత్వమో, మామూలు ఐఎల్ఆరో (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంటే ఈ భాగం వదిలేసి ముందుకెళ్లండి.

విజిటర్ వీసా మీద ఆర్నెల్లకు వచ్చిన అమ్మానాన్నలకు కింద చెప్పే బెనిఫిట్లేవీ రావు. అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్ వీసా మీద వచ్చినవాళ్లకు పిల్లలు ఐదేళ్లపాటు పోషణ బాధ్యత రాసిస్తారు. ఆ ఐదేళ్లూ అటెండెన్స్ అలవెన్స్ (నాలుగో అడుగులో చెప్పే భత్యం) లాంటివి అడగకూడదు. 2012 జూలైలో నియమాలు బిగించాక ఆ వీసా దొరకడమే గగనం, అది వేరే సంగతి. ఒక్క సూక్ష్మం మాత్రం గుర్తుంచుకోండి. వీసా మీద "నో పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోకూడదు) అని ఉన్నా, కౌన్సిల్ ఇచ్చే కేర్ ఆ నిషేధిత జాబితాలో లేదు. అసెస్‌మెంట్ (ఏ సాయం కావాలో కౌన్సిల్ చేసే పరిశీలన) అడగడం నేరం కాదు. కానీ బాధ్యత పత్రం రాసిచ్చినవాళ్లు అడిగే ముందు ఇమ్మిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడండి, ఫేస్‌బుక్ గ్రూపులో కాదు.

3. అసెస్‌మెంట్ అడగండి, వాళ్లు వచ్చేలోపు డైరీ రాయండి

కౌన్సిల్ వెబ్‌సైట్లో అడల్ట్ సోషల్ కేర్ అని వెతికి, "కేర్ యాక్ట్ సెక్షన్ 9 కింద నీడ్స్ అసెస్‌మెంట్ కావాలి" అని రాసి పంపండి. ఇది ఉచితం. డబ్బున్నవాళ్లకూ చేయాల్సిందే. ఫోన్ చేస్తే అటువైపు మొదటి ప్రశ్న "పొదుపు 23,250 పౌండ్లు దాటి ఉందా?" అని రావచ్చు. ఉందని చెప్పగానే "అయితే మీరే ఏర్పాటు చేసుకోండి" అంటారు. అది తప్పు. అవసరం ముందు, డబ్బు తర్వాత. చట్టం చెప్పే వరస అదే. మర్యాదగా, గట్టిగా ఆ మాటే అనండి.

పిలిచాక వాళ్లు వచ్చేలోపు కనీసం రెండు వారాలు డైరీ రాయండి. మేం రెండోసారి చేసింది ఇదే. రూళ్ల నోటుబుక్కు ఒకటి ఫ్రిజ్ మీద పెట్టి, వచ్చినవాళ్లల్లా రాశాం. అందులో ఒక రోజు ఇలా ఉంది: "మంగళవారం. రాత్రి 2:10కి బాత్‌రూమ్‌కి లేచారు, తలుపు పట్టుకుని నిలబడిపోయారు, ఫోన్ చేస్తే వెళ్లాను. పొద్దున బీపీ మాత్ర రెండుసార్లు వేసుకోబోయారు. స్టవ్ మీద పప్పు పెట్టి సీరియల్ దగ్గర కూర్చున్నారు, పొగ అలారం మోగింది. బట్టలు మార్చుకోవడానికి 40 నిమిషాలు, భుజం నొప్పితో ఏడ్చారు." ఇందులో కవిత్వం లేదు, కానీ అసెస్‌మెంట్ ఫారానికి కావాల్సింది సరిగ్గా ఇదే.

ఎందుకంటే అర్హత కొలిచే పద్ధతి ఇది. శారీరక లేదా మానసిక సమస్య వల్ల, చట్టంలో రాసిన 10 పనుల్లో కనీసం రెండు చేసుకోలేకపోవాలి, దానివల్ల బతుకు మీద గట్టి ప్రభావం పడాలి. తినడం తాగడం, ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవడం, టాయిలెట్, తగిన బట్టలు వేసుకోవడం, ఇంట్లో ప్రమాదం లేకుండా తిరగడం, ఇల్లు నివాసయోగ్యంగా ఉంచుకోవడం, అయినవాళ్లతో సంబంధాలు, గుడికో దుకాణానికో వెళ్లిరావడం... ఇలాంటివి ఆ పది. ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. "చేసుకోలేకపోవడం" అంటే అసలు చేయలేకపోవడమే కాదు. చేసుకోగలిగినా బాగా నొప్పి పుట్టినా, ఆందోళన కలిగినా, ప్రమాదం ఉన్నా, మామూలు కన్నా చాలా ఎక్కువసేపు పట్టినా, అది చేసుకోలేకపోవడం కిందే లెక్క. 40 నిమిషాలు, భుజం నొప్పి, పొగ అలారం అని రాయడం అందుకే.

మన పెద్దవాళ్ల అసలు సమస్య పౌరుషం. పరాయి మనిషి ముందు "నాకు చేతకావడం లేదు" అనడం వాళ్లకు చావుతో సమానం. అందుకని సోషల్ వర్కర్ వచ్చే ముందే ఈమెయిల్ పెట్టండి: "మా అత్తగారు అన్నీ చేసుకుంటానని చెబుతారు, దయచేసి డైరీ చదవండి, మాతో విడిగా పది నిమిషాలు మాట్లాడండి." తెలుగు దుబాసీ కావాలంటే అడగండి. ఇంగ్లిష్ వచ్చినా సరే, డిమెన్షియా వచ్చాక చాలామంది చిన్నప్పటి భాషలోకే వెళ్లిపోతారు. రెండోసారి వచ్చినాయన తెలివైనవాడు. ప్రశ్నలేవీ వేయకుండా, "మీ చేత్తో టీ ఇస్తారా?" అన్నాడు. అత్తయ్యగారు సంబరంగా లేచారు. కెటిల్ నింపడానికి కుళాయి దగ్గరికి వెళ్లి, ఎందుకు వచ్చారో మర్చిపోయి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడిపోయారు. ఆయన నిమిషం ఆగి, ఏమీ అనకుండా రాసుకున్నాడు. ఆ రోజు నేను చీర కట్టలేదు, నైటీలోనే ఉన్నారు.

పూర్తి శాకాహారం, ఆడ కేరరే కావాలి, రోజూ పూజ చేసుకోవాలి, తెలుగు మాట్లాడే మనిషి ఉంటేనే మాత్రలు వేసుకుంటారు... ఇవన్నీ "ఇష్టాలు" గా కాకుండా అవసరాలుగా రాయించండి. దీని విలువ ఏడో అడుగులో తెలుస్తుంది.

చూసుకుంటున్న మీకూ విడిగా కేరర్స్ అసెస్‌మెంట్ హక్కు ఉంది. అడక్కపోతే ఎవరూ చేయరు.

4. అటెండెన్స్ అలవెన్స్ వెంటనే పెట్టండి

పెన్షన్ వయసు దాటినవాళ్లకు ఇది. ఆస్తి, ఆదాయం చూడరు. మా మామయ్యగారి లాంటి మంచి పెన్షన్ ఉన్న డాక్టర్లు కూడా తీసుకోవచ్చు, సిగ్గుపడి వదిలేస్తుంటారు. 2025-26లో వారానికి 73.90 పౌండ్లు. పగలూ రాత్రీ రెండు పూటలా సాయం కావాల్సినవాళ్లకు 110.40. కనీసం ఆర్నెల్లుగా సాయం అవసరమై ఉండాలి, గత మూడేళ్లలో మొత్తం రెండేళ్లయినా ఈ దేశంలో ఉండి ఉండాలి. ఇండియాలో ఏడాదికి ఆర్నెల్లు గడిపేవాళ్లు ఈ లెక్క ఒకసారి సరిచూసుకోండి.

ఫారం డౌన్‌లోడ్ చేసుకోవడం కన్నా ఫోన్ చేసి తెప్పించుకోవడం మేలు. ఆరు వారాల్లో నింపి పంపితే, ఫోన్ చేసిన తేదీ నుంచే డబ్బు లెక్కేస్తారు. నింపేటప్పుడు మంచిరోజు కాదు, చెడ్డరోజు రాయండి. ఇక్కడ వంట, ఇల్లు ఊడ్చడం లెక్కలోకి రావు. ఒంటికి సంబంధించిన సాయం, ప్రమాదం జరగకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సి రావడం, ఇవే చూస్తారు.

ఇది వచ్చాక, వారానికి 35 గంటలు చూసుకునేవాళ్లు కేరర్స్ అలవెన్స్ అడగవచ్చు: 2025-26లో వారానికి 83.30 పౌండ్లు. కానీ జాగ్రత్త. మీ జీతం పన్నులూ గట్రా పోగా వారానికి 196 పౌండ్లు (ఇదీ 2025-26 అంకె) దాటితే, ఒక్క పౌండు దాటినా, ఆ వారం అలవెన్స్ మొత్తం పోతుంది. తెలియక తీసుకుంటే తర్వాత వెనక్కి కట్టమంటారు. ఇలా వేల పౌండ్ల బాకీ పడ్డవాళ్లు దేశమంతా ఉన్నారు.

డిమెన్షియా ఉంటే కౌన్సిల్ ట్యాక్స్ సంగతీ చూడండి. డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చి, అటెండెన్స్ అలవెన్స్ లాంటిది వస్తోందని చూపిస్తే, ఆ మనిషిని ట్యాక్స్ లెక్కలోంచి తీసేస్తారు. ఒంటరిగా ఉంటే ట్యాక్స్ మొత్తం మాఫీ అవుతుంది.

5. కౌన్సిల్ డబ్బు లెక్క తీసే ముందు ఎన్‌హెచ్ఎస్‌ను అడగండి

ఎన్‌హెచ్ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ (సీహెచ్‌సీ) అని ఒకటుంది. ఇది దొరికితే కేర్ ఖర్చంతా, నర్సింగ్ హోమ్ అయితే గదితో సహా, ఎన్‌హెచ్ఎస్సే భరిస్తుంది. కోటీశ్వరుడైనా పైసా కట్టక్కర్లేదు. దొరకడం కష్టం, అందుకే దీని గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు. ముఖ్యంగా ఆస్పత్రి నుంచి పంపించేసే హడావుడిలో "ఏ కేర్ హోమ్ చూసుకున్నారు?" అని అడుగుతారు తప్ప ఇది ఎత్తరు. మీరే అడగండి: "సీహెచ్‌సీ చెక్‌లిస్ట్ చేశారా?"

తొలి వడపోత లాంటి ఆ చెక్‌లిస్ట్ దాటితే పూర్తి పరిశీలన ఉంటుంది. ఊపిరి, తిండి, చర్మం, కదలిక, మతిమరుపు, ప్రవర్తన లాంటి 12 విభాగాల్లో అవసరం ఎంత తీవ్రమో చూస్తారు. మామూలుగా 28 రోజుల్లో నిర్ణయం రావాలి. డిమెన్షియా అనే పేరు ఉన్నంత మాత్రాన రాదు. ఆ జబ్బు వల్ల అవసరాలు ఎంత తీవ్రంగా, ఎంత చిక్కుగా, ఎంత ఊహించలేనట్టుగా ఉన్నాయన్నదే ముఖ్యం. ఆ మీటింగుకు మీరూ వెళ్లి కూర్చోండి, డైరీ పట్టుకెళ్లండి. కాదంటే ఆర్నెల్లలోపు మళ్లీ చూడమని అడగవచ్చు. అవసానదశలో ఉన్నవాళ్లకు ఫాస్ట్ ట్రాక్ ఉంది, డాక్టర్ సంతకంతో త్వరగా తేలుతుంది.

ఇది రాకపోయినా, నర్సింగ్ హోమ్‌లో ఉంటే నర్సుల పనికి ఎన్‌హెచ్ఎస్ వారానికి 254.06 పౌండ్లు (2025-26) నేరుగా హోమ్‌కు కడుతుంది. బిల్లులో ఆ మేరకు తగ్గించారా లేదా చూసుకోండి. ఇక ఆస్పత్రి నుంచి వచ్చాక కోలుకోవడానికి రీఏబుల్‌మెంట్ అనే సాయం ఆరు వారాల దాకా ఉచితం, వెయ్యి పౌండ్లలోపు చేతిపట్టీలు, చిన్న ర్యాంపులు లాంటివీ ఉచితమే. మెట్ల లిఫ్టు లాంటి పెద్ద పనులకు డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ 30 వేల దాకా ఉంది, పెద్దవాళ్లకు దానికి ఆదాయం చూస్తారు.

6. ఇప్పుడు డబ్బు లెక్క

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు రెండే: 23,250, 14,250. 2010 నుంచి మారలేదు. ధరలు ఎక్కడికి పోయినా ఇవి అక్కడే ఉన్నాయంటే, ఏ ప్రభుత్వమూ నోరెత్తకుండా ఏటా కాస్త కాస్త కోత పెట్టినట్టే. 23,250 పైన పొదుపు ఉంటే మొత్తం ఖర్చు మీదే. 14,250 కింద ఉంటే పొదుపు జోలికి రారు, పెన్షన్ లాంటి ఆదాయం మాత్రం చూస్తారు. మధ్యలో ఉంటే ప్రతి 250 పౌండ్లకు వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు లెక్కేస్తారు. ఉదాహరణకు ఖాతాలో 18,250 ఉంటే, దిగువ గీత కన్నా 4,000 ఎక్కువ, అంటే వారానికి 16 పౌండ్ల ఆదాయం ఉన్నట్టు లెక్క.

భార్యాభర్తల్లో కేర్ ఎవరికో వాళ్ల డబ్బే చూడాలి. ఉమ్మడి ఖాతా అయితే సగం. అందుకే ఉమ్మడి ఖాతాను రెండుగా విడదీసుకోవడం మేలు, లేకపోతే ఖర్చయ్యేకొద్దీ మిగిలినదాంట్లో మళ్లీ సగం లెక్కేస్తూ పోతారు. కేర్ హోమ్‌కు వెళ్లేవాళ్ల కంపెనీ పెన్షన్‌లో సగం ఇంట్లో ఉన్న భార్యకో భర్తకో ఇస్తే, ఆ సగం లెక్కలోంచి తీసేస్తారు.

మనవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండు. ఒకటి, ఇండియాలో ఆస్తి. నరసరావుపేటలో పొలం, హైదరాబాద్‌లో ఫ్లాట్, బ్యాంకులో ఎఫ్‌డీలు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఫారంలో దాచడం మోసం. అయితే అన్నదమ్ముల మధ్య పంపకం కాని పొలమైతే, అమ్మి డబ్బు తెచ్చుకోవడం కష్టమైతే, ఆ కాగితాలు చూపిస్తే విలువ తగ్గించి లెక్కేసే వీలుంది. రెండు, బంగారం. వ్యక్తిగత వస్తువులు లెక్కలోకి రావు. పెళ్లినాటి నగలకు భయం లేదు. కానీ "బ్యాంకులో ఉంటే పోతుంది" అని నిన్న వెళ్లి 20 వేల పౌండ్ల గొలుసు కొంటే, కౌన్సిల్ దాన్ని డబ్బుగానే చూస్తుంది.

ఇంట్లోనే కేర్ తీసుకుంటే ఇంటి విలువ అసలు లెక్కలోకి రాదు. ఆదాయంలోంచి బతకడానికి కనీస మొత్తం వదిలి, మిగతాదాంట్లోంచే వసూలు చేయాలి. అంతేకాదు, జబ్బు వల్ల అయ్యే అదనపు ఖర్చులు తీసేయమని అడగండి. అదనపు ఉతుకులు, హీటింగు, డైపర్లు, ఆస్పత్రికి టాక్సీలు... రసీదులు దాచండి. మాకు దీనివల్లే నెలకు చెప్పుకోదగ్గంత తగ్గింది.

కౌన్సిల్ పంపే మనిషికి బదులు మీరే ఒకరిని పెట్టుకోవాలనుకుంటే డైరెక్ట్ పేమెంట్ (ఆ కేర్ డబ్బు మీ చేతికే ఇవ్వడం) అడగండి. తెలుగొచ్చిన ఆవిడను పెట్టుకోవచ్చు, సాంబారు ఎలా పెట్టాలో చెప్పక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉండే దగ్గర బంధువులకు మాత్రం ఆ డబ్బు మామూలుగా ఇవ్వకూడదు. ఇంకో మాట: నేరుగా పెట్టుకుంటే మీరు యజమాని అవుతారు. పేస్లిప్, ఇన్సూరెన్స్, పనిచేసే హక్కు ఉందో లేదో చూడటం మీ బాధ్యత. "స్టూడెంట్ వీసా అమ్మాయే, క్యాష్ ఇస్తే వస్తుంది" అని ఎవరైనా అంటే వద్దనండి. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటితే ఆ పిల్ల వీసాకే ఎసరు. ఊళ్లో చెల్లెలి కూతురిని కేర్ వీసా మీద రప్పిద్దామనే ఆలోచనా మానుకోండి. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తెచ్చుకునే దారి మూసేశారు. ఇప్పటికీ ఆ పేరుతో లక్షలు అడిగే ఏజెంటు ఉంటే అది మోసమే.

7. కేర్ హోమ్ తప్పకపోతే: ఇంటి సంగతి

కేర్ హోమ్ ఫీజు వారానికి వెయ్యి పౌండ్లు దాటడం మామూలే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. శాశ్వతంగా హోమ్‌కు వెళ్తే ఇంటి విలువ లెక్కలోకి వస్తుంది. ఆ ఇంట్లో భార్యో భర్తో, 60 దాటిన బంధువో, వైకల్యమున్న బంధువో ముందునుంచీ ఉంటుంటే మాత్రం రాదు. అమ్మతో కలిసి ఉంటున్న 45 ఏళ్ల కొడుకూ కోడలూ ఆ జాబితాలో లేరు. ఉమ్మడి కుటుంబాలకు గట్టి దెబ్బ తగిలేది ఇక్కడే. అమ్మను చూసుకోవడానికి సొంత ఇల్లు వదులుకుని వచ్చినవాళ్లయితే, కౌన్సిల్ తన విచక్షణతో మినహాయించవచ్చు. అడగండి, రాతపూర్వకంగా.

మిగతా పొదుపు 23,250 కింద ఉంటే, మొదటి 12 వారాలు ఇల్లు లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాతా వెంటనే అమ్మక్కర్లేదు. డిఫర్డ్ పేమెంట్ ఒప్పందం అడిగితే, కౌన్సిల్ ఫీజు కట్టి, ఆ అప్పును ఇంటి మీద రాసుకుంటుంది, వడ్డీ వేస్తుంది. ఇల్లు అమ్మినప్పుడో, ఆ మనిషి పోయాకో తీర్చాలి.

"ముందే ఇల్లు కొడుకు పేరున రాసేస్తే?" అనే సలహా ప్రతి సంక్రాంతి పార్టీలో వినబడుతుంది. వెంటనే ఇంకొకరు "ఏడేళ్లు దాటితే ఏం చేయలేరు" అంటారు. ఆ ఏడేళ్లు వారసత్వ పన్నువి. కేర్‌కు అలాంటి గడువేమీ లేదు. కేర్ ఖర్చు తప్పించుకోవడం ఒక ముఖ్య కారణమని, అప్పటికే అవసరం కనబడుతోందని కౌన్సిల్ అనుకుంటే, ఇల్లు ఇంకా అమ్మదే అన్నట్టు లెక్కేస్తుంది. కొడుకునే కట్టమనవచ్చు కూడా. పైగా కొడుకు విడాకులు తీసుకుంటే, అప్పులపాలైతే, ఆ ఇంట్లో అమ్మ గతేంటి?

హోమ్ ఎంచుకునేటప్పుడు హోమ్‌లను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ ఇచ్చిన రేటింగు చూడండి, కానీ మధ్యాహ్న భోజనం వేళ చెప్పకుండా వెళ్లి చూడటం దానికన్నా మేలు. కౌన్సిల్ డబ్బు కడుతుంటే, తన బడ్జెట్‌లో సరిపోయే చోటు కనీసం ఒకటి చూపించాలి. టాప్-అప్ (కౌన్సిల్ ఇచ్చేదాని పైన అదనంగా కట్టే డబ్బు) కట్టమని హోమ్‌వాళ్లు నేరుగా మీ చేత సంతకం పెట్టించబోతే ఆగండి. టాప్-అప్ మీ ఇష్టంతో కట్టేది మాత్రమే. మూడో అడుగులో "శాకాహారం, తెలుగు" అవసరాలుగా రాయించి ఉంటే, వాటిని తీర్చే చోటే కౌన్సిల్ తన డబ్బుతో చూపించాలి. అక్కడ టాప్-అప్ మాటే రాకూడదు.

8. కాదన్నప్పుడు

మా మొదటి ఉత్తరం "అర్హత లేదు" అన్నప్పుడు మేం నెల రోజులు ఊరకే బాధపడ్డాం. మీరు ముందు అసెస్‌మెంట్ పూర్తి కాపీ తెప్పించుకోండి. తప్పు రాసిన ప్రతి వాక్యం పక్కన డైరీలో తేదీ వేసి, మళ్లీ చూడమని ఈమెయిల్ చేయండి. వినకపోతే కౌన్సిల్‌లో ఫిర్యాదు. అక్కడా తేలకపోతే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి), ఉచితం. సమస్య మీకు తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. ఎన్‌హెచ్ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ గొడవలకు దారి వేరు, చివర పార్లమెంటరీ అండ్ హెల్త్ సర్వీస్ ఆంబుడ్స్‌మన్.

ఫోన్లో ఎవరు ఏం చెప్పినా, పెట్టేసిన వెంటనే "ఇప్పుడు మీరు ఇలా చెప్పారు, తప్పైతే సరిచేయండి" అని రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి. మాకు రెండో అసెస్‌మెంట్ ఇప్పించింది అలాంటి ఒక ఈమెయిలే. మొదటిసారి ఫోన్లో "పొదుపు ఎక్కువుంటే మేం చూడం" అన్న మనిషి మాట అందులో తేదీతో సహా ఉంది.